ఇద్దరు చేసిన కుర్చీ, తరాలు చేసిన చెంబు

ఆకృతి కథలు – 9

గత సంచికలో బెర్లిన్ దగ్గర ఆగాం. 1933లో నాజీల ఒత్తిడి తట్టుకోలేక బౌహౌస్ బడి మూతపడింది. అక్కడ పాఠాలు చెప్పినవాళ్లు తలో దిక్కుకీ వెళ్లిపోయారు. గ్రోపియస్ హార్వర్డ్‌లో చేరాడు. మొహోలీ-నాగీ షికాగోలో కొత్త బడి పెట్టాడు. యంత్రం మీద తయారయ్యే వస్తువు కూడా అందంగా ఉండాలి, పదిమందికీ అందుబాటులో ఉండాలి అన్న వాళ్ల ఆశ వాళ్లతోపాటే అట్లాంటిక్ దాటింది. అయితే ఆ ఆశను ఒక కుర్చీగా మలిచి అమెరికా మధ్యతరగతి ఇంట్లో వేసింది జర్మనీ నుంచి వచ్చిన ఆ పెద్దలు మాత్రం కాదు. కాలేజీ చదువు మధ్యలో వదిలేసిన ఒక ఆర్కిటెక్ట్, రంగులతో బతుకుతున్న ఒక చిత్రకారిణి ఆ పని చేశారు. చార్లెస్ ఈమ్స్, రే ఈమ్స్. భార్యాభర్తలు.

వాళ్ల కథ మనకు ఎందుకు కావాలంటే, అది చివరికి మన వంటింటి చెంబు దాకా వచ్చింది. మధ్యలో ఒక ప్రశ్న కూడా అడుగడుగునా అడ్డం పడుతుంది: ఒక వస్తువు తయారైతే దాని మీద ఎవరి పేరు ఉండాలి?

చార్లెస్ 1907 జూన్ 17న మిస్సోరీ రాష్ట్రంలోని సెయింట్ లూయిస్‌లో పుట్టాడు. చిన్నతనంలోనే తండ్రి పోయాడు. బడికి వెళ్తూనే ఉక్కు ఫ్యాక్టరీలో పనిచేశాడు. ఊళ్లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో ఆర్కిటెక్చర్‌లో చేరాడు గానీ రెండేళ్లకే బయటికి వచ్చేశాడు. 1929లో కాథరీన్ వోర్మన్‌ను పెళ్లి చేసుకున్నాడు, ఒక కూతురు పుట్టింది. అది మహామాంద్యం కాలం. కట్టించుకునేవాళ్లే లేరు, చిన్నా చితకా పనులతో రోజులు గడిచాయి. అలాంటి రోజుల్లోనే ఆర్కన్సా రాష్ట్రం హెలెనా అనే ఊళ్లో ఒక చర్చి కట్టాడు. దాన్ని గమనించినవాడు మామూలు మనిషి కాదు. ఫిన్లాండ్ నుంచి వచ్చి, డెట్రాయిట్ దగ్గరి క్రాన్‌బ్రూక్ కళా అకాడమీని నడుపుతున్న ఎలియెల్ సారినెన్. ఆయన పిలుపు మీద 1938లో చార్లెస్ క్రాన్‌బ్రూక్ చేరాడు. కొద్దికాలానికే అక్కడ పారిశ్రామిక ఆకృతి విభాగానికి పెద్ద అయ్యాడు.

రే అసలు పేరు బెర్నీస్ అలెగ్జాండ్రా కైజర్. 1912 డిసెంబర్ 15న కాలిఫోర్నియాలోని శాక్రమెంటోలో పుట్టింది. ఇంట్లో ముద్దుగా 'రే-రే' అనేవాళ్లు, ఆ ముద్దుపేరే జీవితాంతం నిలిచింది. న్యూయార్క్‌లో హాన్స్ హాఫ్‌మన్ దగ్గర ఆరేళ్లపాటు చిత్రకళ నేర్చుకుంది. 1936లో ఏర్పడిన అమెరికన్ నైరూప్య చిత్రకారుల సంఘానికి ఆమె వ్యవస్థాపక సభ్యురాలు. అంటే చార్లెస్‌ను కలిసేనాటికే ఆమె తనకంటూ దారి వేసుకున్న కళాకారిణి. ఈ మాట ఇప్పుడే చెప్పి ఉంచుతున్నాను, ముందు ముందు అవసరం పడుతుంది.

1940లో తల్లి పోయాక రే క్రాన్‌బ్రూక్ వచ్చింది. ఆ రోజుల్లో చార్లెస్, ఎలియెల్ కొడుకు ఎరో సారినెన్ కలిసి న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం పెట్టిన గృహోపకరణాల పోటీకి సిద్ధమవుతున్నారు. పోటీకి పంపే చిత్రపటాలు తయారు చేయడంలో రే కూడా చెయ్యి కలిపింది. రెండు విభాగాల్లో వాళ్లకే మొదటి బహుమతి వచ్చింది.

చార్లెస్ మొదటి పెళ్లి అప్పటికే బీటలు వారింది. 1941లో విడాకులయ్యాయి. రేకు అతను రాసిన ఉత్తరం ఇప్పటికీ భద్రంగా ఉంది. ముప్పై నాలుగేళ్లు నిండబోతున్నాయనీ, మళ్లీ ఒంటరినయ్యాననీ, చేతిలో చిల్లిగవ్వ లేదనీ దాచుకోకుండా రాసి, పెళ్లి చేసుకోమని అడిగి, ఉంగరానికి నీ వేలి కొలత ఎంత అని కూడా అడిగాడు. 1941 జూన్ 20న షికాగోలో పెళ్లి అయింది. కారెక్కి నేరుగా లాస్ ఏంజెలెస్ దారి పట్టారు.

అద్దె ఇంట్లో మంత్రం

బహుమతి అయితే వచ్చింది గానీ, బహుమతి పొందిన ఆ కుర్చీని ఎవరూ తయారు చేయలేకపోయారు. ఎందుకో కొంచెం వివరంగా చెప్పుకోవాలి, వీళ్ల జీవితమంతా ఆ చిక్కుముడి మీదే నడిచింది.

ప్లైవుడ్ అంటే పల్చటి చెక్క పొరలను జిగురుతో ఒకదాని మీద ఒకటి అతికించినది. ఒక కాగితం తీసుకుని గొట్టంలా చుట్టి చూడండి, చక్కగా చుట్టుకుంటుంది. అదే కాగితాన్ని గిన్నెలో పెట్టి అడుగుకు ఒత్తితే ముడతలు పడుతుంది, చిరుగుతుంది. చెక్క కూడా అంతే. ఒక వైపు వంగుతుంది, రెండు వైపులా ఒకేసారి వంచబోతే పగులుతుంది. మనిషి వీపూ తొడలూ గొట్టాలు కావు, గిన్నెల్లాంటి వంపులు. కూర్చునే మనిషి ఒంటికి సరిపోయేలా చెక్కను వంచాలనుకున్నారు చార్లెస్, ఎరో. తీరా వంచిన చోటల్లా చెక్క చీలింది. ఆ చీలికలు కనిపించకుండా పైన స్పాంజీ, గుడ్డ కప్పాల్సి వచ్చింది. ధర పెరిగింది. చవగ్గా అందరికీ కుర్చీ అన్న మాట అక్కడితో ఆగిపోయింది.

లాస్ ఏంజెలెస్‌లో ఈ ఇద్దరూ రిచర్డ్ న్యూట్రా కట్టిన ఒక అపార్ట్‌మెంట్‌లో అద్దెకు దిగారు. పగలు చార్లెస్ ఎం.జి.ఎం. సినిమా స్టూడియోలో సెట్ల విభాగంలో పని. రాత్రుళ్లు ఇద్దరూ తమ వాటాలోనే ఒక యంత్రం కట్టారు. ప్లాస్టర్‌తో పోసిన అచ్చు, దానిలో వేడి పుట్టించే కరెంటు తీగలు, పైన గాలి సంచి. పొర మీద పొర పేర్చి, జిగురు రాసి, మూత బిగించి, సైకిల్ పంపుతో గాలి కొట్టి ఒత్తిడి పెంచేవాళ్లు. గంటల తరబడి వేడిలో ఉంచితే చెక్క గిన్నెలా వంగి బయటికి వచ్చేది. ఇంద్రజాలికుడు కర్ర ఊపి అనే మాట ఒకటి ఉందక్కడ, 'అలకజామ్' అని. అందుకే ఆ యంత్రానికి 'కజామ్' అని పేరు పెట్టుకున్నారు. ఇంటికిచ్చే కరెంటు దానికి చాలక, చార్లెస్ ప్రాణానికి తెగించి స్తంభం ఎక్కి తీగ కలిపాడని చెబుతారు.

ఇంతలో యుద్ధం వచ్చి పడింది. కాలు విరిగిన సైనికుడికి అప్పట్లో లోహపు కట్టు కట్టేవాళ్లు. స్ట్రెచర్ మీద మోస్తుంటే ఆ లోహం అదురు మీద అదురు పుట్టించి గాయాన్ని మరింత బాధపెట్టేది. ఒక డాక్టర్ స్నేహితుడి ద్వారా ఈ సంగతి విన్న దంపతులు ప్లైవుడ్‌తో కాలి కట్టు చేయడం మొదలుపెట్టారు. అచ్చు కోసం చార్లెస్ కాలినే వాడారు. చెక్క చీలకుండా అక్కడక్కడ కోసి తీసేసిన సందులే, కట్టు గుడ్డ దూర్చడానికి పనికొచ్చాయి. బహుమతి కుర్చీని ఓడించిన చీలిక ఇక్కడ ఉపయోగంగా మారింది. 1942లో అమెరికా నౌకాదళం తొలి ఆర్డరుగా 5,000 అడిగింది. యుద్ధం ముగిసేసరికి 1,50,000 దాకా తయారయ్యాయి.

ఆ కాలి కట్టును ఫొటోలో చూసినా ఆగిపోతాం. మడమ దగ్గర వంపు, పిక్క దగ్గర ఉబ్బు, అంచులు పల్చబడే తీరు, అన్నీ ఒక శిల్పంలా ఉంటాయి. అదే సమయంలో రే ప్లైవుడ్‌తో విడిగా శిల్పాలు కూడా చేసింది. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒకే చెయ్యి అని తెలిసిపోతుంది.

గోడ మీద లేని పేరు

1943 నుంచి వాళ్ల పని అంతా వెనిస్ ప్రాంతంలో 901 వాషింగ్టన్ బూలెవార్డ్‌లోని ఒక పాత షెడ్డులో జరిగింది. యుద్ధం అయిపోగానే కాలి కట్టు నేర్పిన పాఠాన్ని కుర్చీ మీద పెట్టారు. సీటూ వీపూ ఒకే ముక్కగా వంచితే చెక్క పగులుతుందన్న సంగతి తేలిపోయింది కదా, రెంటినీ విడదీశారు. మధ్యలో రబ్బరు బిళ్లలు పెట్టి అతికించారు. మనిషి వెనక్కి వాలితే వీపు చెక్క కాస్త ఒదుగుతుంది. పైన గుడ్డ లేదు, స్పాంజీ లేదు, దాచడానికి ఏమీ లేదు. ఎల్.సి.డబ్ల్యు. అనే పొడి అక్షరాల పేరున్న ఆ కుర్చీని 1999లో టైమ్ పత్రిక ఇరవయ్యో శతాబ్దపు అత్యుత్తమ ఆకృతిగా ఎంచింది.

1946లో న్యూయార్క్ మ్యూజియం ఈ కుర్చీలతో ఒక ప్రదర్శన పెట్టింది. పేరు: 'చార్లెస్ ఈమ్స్ రూపొందించిన కొత్త ఫర్నిచర్'.

రే పేరు లేదు. హ్యారీ బెర్టోయా పేరు లేదు. హెర్బర్ట్ మాటర్, గ్రెగరీ ఎయిన్ పేర్లు లేవు. వీళ్లంతా ఆ షెడ్డులో చెక్క దుమ్ములో మునిగి పనిచేసినవాళ్లు. మనసు కష్టపడి కొందరు వెళ్లిపోయారు. బెర్టోయా తరువాత తీగ కుర్చీలతో తనకంటూ పెద్ద పేరు తెచ్చుకున్నాడు. రే ఎక్కడికి వెళ్తుంది? ఆమె అక్కడే ఉండి పనిచేసింది.

ఇందులో తప్పంతా మ్యూజియానిదే అనలేను. చార్లెస్ ఆపగలిగేవాడు. నేను చేయగలిగింది ఏదైనా రే నాకంటే బాగా చేస్తుందని అతను చాలాసార్లు చెప్పాడంటారు. నిజమే కావచ్చు. కానీ నోటిమాటగా అనడం వేరు, గోడ మీద రాయించడం వేరు. పదేళ్ల తరువాత 1956లో ఎన్.బి.సి. టెలివిజన్‌లో వాళ్ల కొత్త తోలు కుర్చీని మొదటిసారి చూపించినప్పుడూ ఇదే జరిగింది. వ్యాఖ్యాత అర్లీన్ ఫ్రాన్సిస్ చార్లెస్‌తో మాట్లాడుతూ, విజయం సాధించిన మగవాడి వెనక ఉన్న ఇల్లాలిగా రేను పరిచయం చేసింది. రే నవ్వుతూ వచ్చి, పెద్దగా మాట్లాడకుండా నిలబడింది. అప్పటికి ఆమె ఆర్ట్స్ అండ్ ఆర్కిటెక్చర్ పత్రికకు రెండు డజన్లకు పైగా ముఖచిత్రాలు వేసి ఉంది. ఇల్లు కట్టి ఉంది. కుర్చీలకు రూపం, రంగు, అంచు నిర్ణయించి ఉంది.

ఆ తోలు కుర్చీ గురించి కూడా ఒక మాట. వీలైనంత మంచి వస్తువు, వీలైనంత ఎక్కువమందికి, వీలైనంత తక్కువ ధరకు అన్నది ఈ దంపతుల వ్రతం. ఆ తోలు కుర్చీ ఆ వ్రతానికి ఒదగదు. బేస్‌బాల్ ఆటగాడి చేతికి వాడి వాడి మెత్తబడిన తోలు తొడుగులా ఉండాలని చార్లెస్ కోరుకున్నాడు, అలాగే వచ్చింది, సినిమా దర్శకుడు బిల్లీ వైల్డర్ లాంటి స్నేహితులు మురిసిపోయారు. అయితే అది మొదటిరోజు నుంచీ డబ్బున్నవాళ్ల కుర్చీయే. ఇవాళ ఈమ్స్ అనగానే అందరూ దాన్నే తలుచుకోవడం నాకు నచ్చదు.

వ్రతం చెల్లించిన కుర్చీ వేరే ఉంది. 1948లో అదే మ్యూజియం చవక ఫర్నిచర్‌కు పోటీ పెట్టింది. ఈమ్స్ బృందం రేకును ఒత్తి ఒకే గుల్లగా చేసిన కుర్చీని పంపింది. రేకుతో ఖర్చు ఎక్కువైంది. యుద్ధవిమానాల రాడార్ కప్పుల కోసం వాడిన ఫైబర్‌గ్లాస్ వైపు చూశారు. 1950 నాటికి వీపూ సీటూ చేతులూ కలిసిన ఒకే గుల్ల, ఏ కప్పుడూ లేకుండా, అచ్చు మీద అచ్చుగా హెర్మన్ మిల్లర్ కంపెనీ ద్వారా అమ్మకానికి వచ్చింది. తరువాత ఆ గుల్లలను ఒక ఇనుప దూలం మీద వరసగా బిగించి విమానాశ్రయాలకూ బళ్లకూ ఇచ్చారు. మన బస్టాండులో, ప్రభుత్వాసుపత్రి వరండాలో ఇనుప పట్టీకి వరసగా బిగించిన గుల్ల కుర్చీల్లో ఎన్ని గంటలు కూర్చున్నామో లెక్క లేదు. అవి ఎవరు చేసినా ఆ వంశంలోవే.

ఇల్లు సంగతి త్వరగా చెబుతాను. పసిఫిక్ మహాసముద్రం కనిపించే కొండ అంచున, యూకలిప్టస్ చెట్ల మధ్య, ఆర్ట్స్ అండ్ ఆర్కిటెక్చర్ సంపాదకుడు జాన్ ఎన్‌టెంజా చేపట్టిన నమూనా ఇళ్ల పథకంలో ఎనిమిదో నంబరు. చార్లెస్, ఎరో కలిసి ముందు గీసింది పచ్చిక మీదుగా వంతెనలా సాగే ఇల్లు. ఉక్కు దొరకడం ఆలస్యమైంది. ఎదురుచూస్తూ ఆ పచ్చికలో కూర్చుని భోజనాలు చేసిన దంపతులకు ఆ పచ్చిక మీద మమకారం పుట్టింది. దాన్ని పాడుచేయకూడదని, తెప్పించిన ఉక్కుతోనే కొత్త నక్షా గీసి ఇంటిని కొండవాలుకు జరిపారు. ఫ్యాక్టరీ జాబితాల్లో దొరికే కిటికీలు, కమ్మీలు తెచ్చి పెట్టారు. ఉక్కు చట్రం నిలబెట్టడానికి పట్టింది ఒకటిన్నర రోజు. 1949 క్రిస్మస్ ముందురోజు గృహప్రవేశం. చనిపోయేదాకా అక్కడే ఉన్నారు. 2025 జనవరిలో చుట్టుపక్కల వీధులను కాల్చేసిన కార్చిచ్చులో ఆ ఇల్లు మిగిలింది.

చెంబు ముందు

1955లో న్యూయార్క్ మ్యూజియం భారతీయ వస్త్రాలు, అలంకార కళల ప్రదర్శన పెట్టింది. అలెగ్జాండర్ గిరార్డ్ దాన్ని అలంకరించాడు. ఈమ్స్ దంపతులు దాని మీద చిన్న సినిమా తీశారు. అక్కడే పుపుల్ జయకర్ వాళ్లకు పరిచయమయ్యారు. చేనేతకు, హస్తకళలకు జీవితం ధారపోసిన ఆమెతో ఆ స్నేహం చివరిదాకా నిలిచింది.

ఆ తరువాత మన దేశంలో రెండో పంచవర్ష ప్రణాళిక మొదలైంది. ఫ్యాక్టరీలు లేస్తున్నాయి, బజారు నిండా కొత్త సరుకు. కానీ ఆ సరుకు నాణ్యత వేగంగా పడిపోతోందని ప్రభుత్వానికి దిగులు పట్టుకుంది. చిన్న పరిశ్రమలకు ఆకృతి విద్య ఎలా తోడ్పడుతుంది, ఈ పతనాన్ని ఎలా ఆపాలి అన్న ప్రశ్నలతో, ఫోర్డ్ ఫౌండేషన్ ఖర్చు మీద, ఈమ్స్ దంపతులను పిలిపించింది. వాళ్లు సుమారు మూడు నెలలు దేశమంతా తిరిగారు. పల్లెలూ పట్నాలూ, నేతగాళ్లూ అధికారులూ, అందరినీ చూశారు. 1958 ఏప్రిల్‌లో నివేదిక ఇచ్చారు. దానికి 'ఇండియా రిపోర్ట్' అన్న పేరు స్థిరపడింది.

అది ప్రభుత్వ నివేదికలా ఉండదు. భగవద్గీత శ్లోకాలతో మొదలవుతుంది. గణాంకాల పట్టికలు లేవు. నివేదిక నడుమ ఉన్నది ఒక చెంబు. వాళ్లు హిందీ మాట వాడి 'లోటా' అన్నారు. దేశంలో తాము చూసి మెచ్చిన వస్తువులన్నిటిలో అదే గొప్పదీ, అదే అందమైనదీ అన్నారు.

అక్కడితో ఆగితే అది విదేశీ యాత్రికుల ముచ్చట అయ్యేది. కానీ ఆ తరువాత వాళ్లు వేసుకున్న ప్రశ్నలున్నాయే, అవి చదివినప్పుడు నా చేతిలోని చెంబు నాకే కొత్తగా కనిపించింది. ఈ చెంబును ఇవాళ ఒక మనిషి కూర్చుని కొత్తగా చేయాలంటే ఏమేం ఆలోచించాలి? ఎన్ని నీళ్లు పట్టాలి. మోసే చెయ్యి ఎంతది, ఆడవాళ్లదా మగవాళ్లదా. నెత్తిన పెట్టుకుంటారా, నడుము మీదా, చేతిలోనా, బండిలోనా. నిండుగా ఉన్నప్పుడు బరువు ఎక్కడ నిలుస్తుంది, ఖాళీ అయితే ఎక్కడ. ఒంచితే ధార ఎలా పడుతుంది. మూతి ఎంత ఉంటే చెయ్యి దూరి తోమడానికి వీలు. వేడినీళ్లు పోస్తే పట్టుకోగలమా. కళ్లు మూసుకుని తడిమితే ఎలా ఉంటుంది, తెరిచి చూస్తే ఎలా ఉంటుంది. ఇంకో గిన్నెకు తగిలితే ఏం చప్పుడు, నేల మీద పెడితే ఏం చప్పుడు. ఎంత ఖరీదు. పాతబడితే కరిగించి అమ్మితే ఎంతొస్తుంది. ఎండ పడితే ఎలా మెరుస్తుంది. ఇంట్లో ఉంచుకోవడం, అమ్మడం, ఒకరికి ఇవ్వడం, ఎలా అనిపిస్తుంది.

ఇన్ని ప్రశ్నలకు జవాబు చెప్పగలిగే ఒక్క మనిషి ఉండడు, చెంబును ఏ ఒక్కరూ చేయలేదు, ఎందరెందరో తరాల తరబడి కాస్త కాస్త దిద్దుతూ వచ్చారు అన్నది వాళ్లు తేల్చిన మాట. పాత కాలంలో ఈ దిద్దుబాటు తనంతట తాను జరిగింది. సంప్రదాయానికి శతాబ్దాల వ్యవధి ఉంది. ఇప్పుడు కబుర్లూ సరుకులూ ప్రయాణించే వేగం మారిపోయింది, ఆ వ్యవధి ఇక దొరకదు. కాబట్టి చెంబు చేసినవాళ్లు తెలియకుండా అడిగిన ప్రశ్నలను ఇకపై తెలిసి అడిగే మనుషులు కావాలి. అలాంటివాళ్లను తయారుచేసే సంస్థ ఒకటి కావాలి. నివేదిక సారమంతా ఇదే.

తెలుగువాళ్లకు ఈ చెంబు గురించి ఒకరు చెప్పాలా! రాగి చెంబు, ఇత్తడి చెంబు, కంచు చెంబు, ప్రయాణానికి మరచెంబు. శ్రీకాకుళం జిల్లా బుడితిలో, జనగామ దగ్గర పెంబర్తిలో కంచు, ఇత్తడి కొట్టే చేతులు ఇంకా ఉన్నాయి. ఇంకో సంగతి, ఆ నివేదికలో లేనిది. మన ఇళ్లలో పాత్ర మీద పేరు ఉంటుంది. చిన్న ఉలితో చుక్కచుక్కగా కొట్టించిన పేరు. ఫలానావారు ఫలానావారి పెళ్లికి ఇచ్చినది అని తేదీతో సహా ఉంటుంది. ఇచ్చినవాళ్ల పేరు ఉంటుంది, పుచ్చుకున్నవాళ్ల పేరు ఉంటుంది. చేసిన కంచరి పేరు మాత్రం ఉండదు.

ఎవరూ ఒక్కరుగా చేయలేదని చెంబును కొనియాడిన నివేదిక మీద రెండు పేర్లూ పక్కపక్కన ఉన్నాయి, చార్లెస్, రే. 1946 గోడ మీద లేని పేరు ఇక్కడ ఉంది. నాకు ఇది చిన్న విషయంగా అనిపించదు.

పువ్వు, గోడ, ఆకు

1959లో అమెరికా ప్రభుత్వం మాస్కోలో ప్రదర్శన పెట్టింది. నిక్సన్, క్రుశ్చేవ్ వంటింటి నమూనా ముందు వాదులాడుకున్నది ఆ ప్రదర్శనలోనే. బక్‌మినిస్టర్ ఫుల్లర్ కట్టిన గోళాకారపు మండపంలో ఏడు పెద్ద తెరల మీద ఈమ్స్ దంపతులు 2,200కు పైగా చిత్రాలు ఒకేసారి నడిపించారు. అమెరికాలో ఒక రోజు ఎలా గడుస్తుందో, పావుగంట లోపల. చివరి చిత్రంగా ఏముండాలి అన్నప్పుడు రే ఒక చిన్న నీలిపువ్వు పెట్టమంది. ఇంగ్లిష్‌లో ఆ పువ్వు పేరుకు 'నన్ను మరువకు' అని అర్థం. రష్యన్‌లో కూడా అదే అర్థం. మాటలు అక్కర్లేకుండా రెండు దేశాలకూ తెలిసిన పువ్వు. రే చేసిన పని ఎలాంటిదని ఎవరైనా అడిగితే నేను ఈ పువ్వునే చూపిస్తాను.

వాళ్ల నివేదిక ఫలితంగా 1961లో అహ్మదాబాద్‌లో జాతీయ ఆకృతి సంస్థ, అందరూ ఎన్.ఐ.డి. అనేది, మొదలైంది. 1964 మే 27న నెహ్రూ మరణించారు. ఆయన జీవితం మీద ప్రపంచమంతా తిరిగే ప్రదర్శన చేయాలని ప్రభుత్వం అనుకున్నప్పుడు ఈ దంపతులు అహ్మదాబాద్ వచ్చి దిగారు. సంస్థలోని యువకులతో కలిసి కొద్ది నెలల్లో పూర్తిచేశారు. ఫొటోలు, వస్తువులు, బట్టలు, ఆయన గొంతు, ఇటు ఆయన బతుకు, అటు దేశం కథ. 1965 జనవరిలో న్యూయార్క్‌లో తెరిచారు, లండన్‌కూ వెళ్లింది. కొత్తగా పుట్టిన సంస్థకు అదే తొలి పెద్ద పరీక్ష, అదే తొలి పాఠం.

1970–71లో హార్వర్డ్‌లో ఇచ్చిన నార్టన్ ఉపన్యాసాల్లో చార్లెస్ మన అరిటాకు కథ చెప్పాడు. దక్షిణ భారతంలో అందరికంటే పేదవాడు అరిటాకులో తింటాడు. కాస్త పైకొస్తే మట్టి పళ్లెం, ఇంకాస్త పైకొస్తే ఇత్తడి, ఆపైన కంచు, ఆపైన వెండి, బంగారం కూడా. కానీ డబ్బుతోపాటు తెలివిడి కూడా ఉన్నవాడు ఇంకో మెట్టు ఎక్కుతాడు. మళ్లీ అరిటాకు పరుచుకుంటాడు.

ఈ మెట్ల వరస మన అనుభవానికి పూర్తిగా సరిపోదు. మనకు అరిటాకు పేదరికం గుర్తు ఎప్పుడూ కాదు, అది పెళ్లి భోజనానిది, పండగది. లేనివాళ్లు తిన్నది మోదుగాకుల, అడ్డాకుల విస్తట్లో, సత్తు పళ్లెంలో. పైగా ఎవరు ఎందులో తినాలన్నది డబ్బొక్కటే తేల్చలేదు, కులం కూడా తేల్చింది. ఆ మాట చార్లెస్ ఒక ముక్కలో అని దాటిపోయాడు. మనం అంత తేలిగ్గా దాటలేం. అయినా అతను చెప్పదలుచుకున్నది నాకు పూర్తిగా సమ్మతం. ఆకు తిన్నాక పారేస్తే మట్టిలో కలుస్తుంది, తోమక్కర్లేదు, వేడన్నం పడితే సువాసన వేస్తుంది. దాన్ని మించిన పళ్లెం ఇంకా ఎవరూ చేయలేదు. తెలిసి ఎంచుకున్నవాడికి మాత్రమే అది కనిపిస్తుంది.

సినిమాలు నూటికి పైగా తీశారు. వాటిలో 1977 నాటి 'పవర్స్ ఆఫ్ టెన్' ఒక్కటి తప్పక చూడాలి. షికాగోలో సరస్సు ఒడ్డున పచ్చిక మీద నిద్రపోతున్న మనిషి దగ్గర మొదలై, పది సెకన్లకు పదింతలు చొప్పున ఆకాశం అంచుదాకా వెళ్లి, తిరిగి అతని చేతి చర్మంలోంచి పరమాణువు లోపలికి దిగుతుంది. తొమ్మిది నిమిషాలు. సైన్సు బళ్లో పిల్లలకు చూపించడానికి ఇంతకంటే మంచి సినిమా నాకు తెలియదు.

1978 ఆగస్టు 21న చార్లెస్ తన పుట్టిన ఊళ్లోనే పోయాడు. మరుసటి ఏడు బ్రిటిష్ ఆర్కిటెక్టుల సంస్థ తన రాజ స్వర్ణపతకాన్ని చార్లెస్, రే ఈమ్స్ కార్యాలయానికి ఇచ్చింది. రెండు పేర్లూ రాసింది. రే ఆ తరువాత కొత్త పనులకంటే పాత పనులను సర్దడానికే ఎక్కువ కాలం వెచ్చించింది. లక్షల ఫొటోలు, నక్షాలు, ఉత్తరాలు పేరుపేరునా గుర్తించి, అమెరికా జాతీయ గ్రంథాలయమైన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కు చేర్చే ఏర్పాటు చేసింది. ఎవరు ఏం చేశారో తేల్చుకోవాలనుకున్న తరువాతి పరిశోధకులకు ఆ కాగితాలే ఆధారమయ్యాయి. 1988 ఆగస్టు 21న, చార్లెస్ పోయి సరిగ్గా పదేళ్లు నిండిన రోజున, రే కన్నుమూసింది.

వాళ్లు కావాలన్న సంస్థకు ఇప్పుడు తెలుగు నేల మీద ఒక తోబుట్టువు ఉంది. 2015లో గుంటూరు దగ్గర ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయ ప్రాంగణంలో తాత్కాలికంగా తరగతులు మొదలుపెట్టిన ఎన్.ఐ.డి. ఆంధ్రప్రదేశ్‌ను 2019 చట్టంతో జాతీయ ప్రాముఖ్యమున్న సంస్థల్లో చేర్చారు.

పాఠకులకు ఒక విన్నపం. మీ ఇంట్లో అటక మీద పాత చెంబు ఉంటే దించండి. దాని మీద కొట్టించిన పేర్లు చదవండి. అది ఏ ఊళ్లో కొన్నారో, ఏ కంచరి చేశాడో ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. తెలిస్తే మాకు రాయండి. ఆ పేర్లు ఈ శీర్షికలోనే అచ్చు వేస్తాం.

(వచ్చే సంచికలో: అహ్మదాబాద్‌లో ఎన్.ఐ.డి.ని నిలబెట్టిన అన్నాచెల్లెళ్లు గౌతమ్ సారాభాయ్, గీరా సారాభాయ్)